తీసేయలేకపోయిన పారా

దయ్యాల మీద నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. పుస్తకంలో దయ్యం కథ వస్తే పేజీలు తిప్పేసే రకం నేను. ఇది మాత్రం డైరీలో రాసుకున్నాను. అందులో ఉన్నదే ఇక్కడ చెబుతున్నాను.

తెలంగాణ సరిహద్దు అవతలి కొంటాలో, తాగునీటి పనులు చూసే ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. పోయిన ఎండాకాలం మాకు కొత్త వెబ్ అప్లికేషన్ వచ్చింది. అందులో ప్రతి పారా, అంటే ఊళ్లోని చిన్న గుంపు, ఒక పేరెంట్ రికార్డు. అక్కడి బోరింగులు దాని కింద చైల్డ్ రికార్డులు. ఏ బోరింగు ఏ పారా కింద చేరిందో సరిచూడడం నా పని. కింద ఏమీ లేని పారాలను తీసేయమన్నారు. కింద ఒక్క రికార్డున్నా అప్లికేషన్ పారాను తీసేయనివ్వదు.

కిష్టారం అవతల ఒక పారా ఉంది. జనం ఏళ్ల కిందటే తెలంగాణ వైపు వెళ్లిపోయారు. దాని కింద ఏమీ లేదు. డిలీట్ నొక్కాను. 'ఈ పారా కింద రికార్డులున్నాయి, తీసేయడం కుదరదు' అని వచ్చింది. తెరిచి చూశాను. ఖాళీ. మళ్లీ నొక్కితే అదే మాట.

రాయపూర్‌లోని ప్రోగ్రామర్‌కు ఫోన్ చేశాను. ఆయన డేటాబేస్ లోపల వెతికి, "ఏమీ లేవు మేడం, నేనే తీసేస్తా" అన్నాడు. ఆయన వల్లా కాలేదు. వారం ఆగితే ఎలాగోలా తీయిస్తానన్నాడు.

ఆ వారమే లచ్చమ్మ అనే ముసలామె ఆఫీసుకొచ్చింది. ఆ పారా మనిషే. రెండు కుటుంబాలు తిరిగొచ్చి ఆకుల పాకలు వేసుకున్నాయట. వాగులో చెలమ తవ్వుకుని తాగుతున్నారు. మనవరాలికి విరేచనాలు తగ్గడం లేదు.

"మా బోరింగు బాగు చేయించు బిడ్డా. చెలమ కూడా ఎండిపోతాంది. ఇట్లయితే మల్ల పోవాల్సిందే."

పారా జాబితాలో లేకపోతే మరమ్మతు మంజూరు కాదు. తీసేయలేకపోయాం కాబట్టి ఆ పారా ఇంకా జాబితాలోనే ఉంది.

"అక్కడ బోరింగే లేదని ఉంది కదా" అన్నారు మా హెడ్ క్లర్క్ బడే బాబు.

"రాసినోడు వచ్చి చూసిండా ఏంది?"

నవ్వు ఆపుకున్నాను. ఆఫీసులో నా గొంతు ఎవరికీ పెద్దగా తెలియదు. "నేను వెళ్లి చూసొస్తాను సార్" అన్నది నేనేనా అనిపించింది.

"ఛోడో బేటీ, వదిలెయ్. ఈ ఎండలోనా?" అన్నారు. అయినా వెళ్లాను.

మెకానిక్ ముత్తయ్య బాబాయి బండి మీద పాకల దాకా వెళ్లాం. అక్కణ్ణుంచి లచ్చమ్మ దారి చూపించింది. బోరింగు ఉంది. హ్యాండిల్ లేదు, గొలుసు తుప్పుపట్టి తెగిపోయింది. గచ్చంతా దుమ్ము. ఆ దుమ్ములో బిందెల అడుగులు పెట్టినట్టు గుండ్రటి తడి గుర్తులు, వంతు కోసం పెట్టినట్టు వరసగా. వేలితో తాకాను. తడే. మనిషి అడుగు ఒక్కటీ లేదు.

మీవాళ్లెవరైనా వచ్చారా అని లచ్చమ్మను అడిగాను.

"నీళ్లు రాని బోరింగు కాడికి ఎవరొస్తరు?" అంది. తర్వాత ఆ గుర్తులు చూసి, కొంగు తల మీదికి లాక్కుంది.

"పోదాం పద తల్లీ" అన్నాడు బాబాయి.

"ఫోటో తీయందే రాను." వంగి ఫోన్‌తో తీశాను. ఆ గుర్తులు అందులో ఉన్నాయి.

తిరిగొచ్చి బోరింగును ఆ పారా కింద ఎక్కించాను. మరమ్మతు మంజూరైంది. అన్నేళ్లు పడి ఉన్న బోరింగు చాలాసేపు కొడితేగానీ నీళ్లు పైకి రావు. బాబాయి కొత్త గొలుసు, హ్యాండిల్ బిగించి ఒక్కసారి కొట్టాడు. నీళ్లొచ్చేశాయి. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇప్పుడే ఎవరో కొట్టిపోయినట్టుందే!"

లచ్చమ్మ మాత్రం బిందె పెట్టింది.

మిగతా ఖాళీ పారాలన్నీ ఒక్క నొక్కుకే పోయాయి. ఇదొక్కటే ఎందుకు పోలేదో ప్రోగ్రామర్ చెప్పలేకపోయాడు. నేనూ చెప్పలేను.

మొన్న తనిఖీకి వెళ్లాను. మనవరాలు కోలుకుంది, గచ్చు మీద ఆడుతోంది. లచ్చమ్మ బిందె తెచ్చి, బోరింగు మూతి కింద కాకుండా వెనక రెండో చోట పెట్టి కాసేపు ఆగింది. ముందు ఎవరూ లేరు. తర్వాత బిందెను ముందుకు జరిపి కొట్టుకుంది.

ఎవరి వంతు అని నేను అడగలేదు.