మా లింగమూర్తి, రెండు కోడెల మొక్కు

మా తమ్ముని కొడుకు లింగమూర్తి మొట్టమొదట గెలిచింది లెక్కల పరీక్ష. రెండుసార్లు తప్పి, మూడోసారి నూటికి తొంభై ఆరు తెచ్చుకొని 1958ల మెట్రిక్ పాసయిండు. మా ఇంట్ల అంతకుముందు ఎక్కువ చదివినోణ్ణి నేనే, నాలుగో తరగతి. నన్ను మించిండని ఊరంత బెల్లం పంచిన.

ఇగ వాడు ఆగలే. కరీంనగర్ కాలేజీల బీఎస్సీ ఫస్టు క్లాసు. కబడ్డీ జట్టుకు కెప్టెన్. హాస్టల్ల వంటాయన జ్వరంతోని పడితే నూరు మందికి పప్పు గూడ వండిండు. రసాయనశాస్త్రం చదివినోనికి ఉప్పు ఎంతెయ్యాల్నో తెల్వదా?

అసలు ముచ్చట 1962 జూన్‌ది. ఎమ్మెస్సీకని వాడు రెండు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టిండు. మంగళవారం ఉస్మానియా నుంచి ఉత్తరమొచ్చింది, సీటు ఇచ్చినమని. శుక్రవారం టపా తెచ్చే బుచ్చిరాములు సైకిలు దిగకుంటనే కేకేసిండు: "హనుమండ్లు పటేలా! మీ పిలగానికి కాశిల గూడ సీటొచ్చింది!" కాశి అంటే బనారస్ యూనివర్సిటీ. నాకు కాళ్లు భూమ్మీద ఆనలే.

అప్పుడు మా గుట్టు బయటపడ్డది. వాని అవ్వ, అంటే మా తమ్ముని పెండ్లాం లస్మవ్వ, ఉస్మానియాల సీటొస్తే వేములవాడ రాజన్న గుడి చుట్టు కోడెను తిప్పి కడతనని మొక్కుకున్నది. నేను బనారస్‌ల సీటొస్తే కోడెను కడతనని మొక్కిన. ఒకరికి తెల్వకుంట ఒకరం.

"రాజన్న నా మాటే ముందు విన్నడు బావా. నా ఉత్తరం మంగళవారమే రాలే?" అన్నది లస్మవ్వ.

"నీది పట్నం నుంచి వచ్చింది. నాది కాశి నుంచి రావద్దా? ఎంత దూరం!"

"దక్షిణ కాశి, మన వేములవాడ, పక్కన్నే ఉండంగ ఆ కాశి ఏంటికి? ముసలోళ్లు పోయే జాగకు పిలగాన్ని తోలుతవా?"

లింగమూర్తి నవ్వుకుంట విన్నడు. "రాజన్న మీ ఇద్దరి మాట విన్నడు. నా మాట మీరు వినుండ్రి. నాల్గు రోజులు ఆగుండ్రి," అని కాగజ్‌నగర్ బస్సెక్కిండు.

అక్కడి కాగితం మిల్లుల, కాలేజీల వానికంటె ముందు చదివిన ఏలియా ఉన్నడు. ఎమ్మెస్సీ బనారస్‌లనే చేసి నౌకరిల చేరిండు. ఆయన ఒక్కటే చెప్పిండట: "ఉస్మానియాల మన దోస్తులుంటరు, మన ముచ్చట్లుంటయి, పండుగకు ఇంటికొస్తవు. చదువుకు ఏం తక్కువ లేదు. బనారస్‌ల ఆర్నెల్లు కడుపు ఏడుస్తది. కని ఈ మిల్లుల బెంగాలాయన, మరాఠాయన, మార్వాడాయన అందరితోని పని చెయ్యాలె. వాళ్ల నడుమ మెలగుడు నాకు అక్కడ్నే వచ్చింది. ఇప్పుడు ఏ ఊర్ల నౌకరి చెయ్యమన్నా చేస్త."

వాడు తిరిగొచ్చి, "అవ్వా, బనారస్‌కే పోత," అన్నడు. నేను గెలిచిననని గంతేసిన. ఈ వయసుల గంతేసి నడుం పట్టుకున్న.

"అక్కడ బువ్వ ఉండదట, అన్నీ రొట్టెలేనట," అన్నది లస్మవ్వ.

"మనింట్ల ఏడాదంత బువ్వేనా అవ్వా? జొన్న గట్క తిని పెరిగినోనికి గోధుమ రొట్టె అరగదా?"

"మాట్లాడ మనిషేడ?"

"బళ్లె నేర్చిన ఉర్దూ ఉన్నది గద. ఫికర్ చెయ్యకు."

లస్మవ్వ వాని చెయ్యి పట్టుకున్నది. "కాశికి పోయినోడు, కాటికి పోయినోడు ఒక్కటే అంటరు కొడుకా."

నాకు నవ్వు ఆగిపోయింది. "అది నడిచిపోయినప్పటి మాట అవ్వా. నేను రైలుల పోతున్న," అన్నడు వాడు, మెల్లగ.

పోయే ముందటి సోమవారమే కోడెలు కడదామంటే లస్మవ్వ పగ్గాలు గుంజుకున్నది. "ముట్టద్దు బావా! రెండు కోడెలు వాడొచ్చినంకనే. రెండు పగ్గాలు వాడే పట్టాలె. మొక్కు తీరకుంట ఉంటే రాజన్నే వాన్ని గుంజుకొస్తడు."

నాలుగో తరగతి చదివిన నాకు రాని ఉపాయం, బడి మొఖం చూడని లస్మవ్వకు వచ్చింది. మా ఇంటి ఘనతలల్ల ఇది గూడ రాసుకోండ్రి.

ఇగ బనారస్‌ల వాని సంగతి, ఉత్తరాలల్ల రాసింది. ల్యాబు పనిల క్లాసు మొత్తంల మొదటోడు. బెంగాలీల నూరు దాక లెక్కపెడతడు. దోస్తులకు జొన్న గట్క వండి పెడితే ఇద్దరు మళ్ల అడిగిండ్రట. ఇద్దరే, అయితేంది! ఇక్కడ కోడెలు రెండు బలిసి, నీళ్లకు తోలుకపోతే నన్నే గుంజుకపోతున్నయి. వాటికి మెడపట్టెడలు, గంటలు గూడ తెచ్చిన.

సోమవారం పొద్దుగాల్నే రాజన్న గుడికి పోవాలె. దానికి ముందటి దినం, ఎండకాలం సెలవులకని కాజీపేటల రైలు దిగి, బస్సుల మా లింగమూర్తి ఇల్లు చేరేది 1963 మే 12, ఆదివారం.