బండలు దాటాయి, నేను ఆగాను

లేని తాడును ఉన్నట్టు రాసి, ఆ తాడు కోసమే చెరువు మధ్యలో వేలాడుతూ ఎదురుచూసిన ఇంజనీరును బహుశా నేనొక్కణ్నే. తెలివితక్కువతనం నాదే కనుక ముందే ఒప్పుకుంటున్నాను.

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఆషాఢంలో, కడప జిల్లాలో డిప్యూటీ ఇంజనీరుగా ఉండగా, మైదుకూరు అవతల కొండల నడుమ ఒక చెరువు దగ్గర జిప్‌లైను తనిఖీ నాకు పడింది. ఈ గట్టు మీది టవరు నుంచి ఆ గట్టుకు ఉక్కు తీగ. తీగ మీది కప్పీకి మనిషిని కట్టి వదిలితే వాలున జారిపోతాడు. పక్కనే జలపాతం. ఏటా కొన్నాళ్లు డెప్యుటేషన్ మీద వచ్చిపోయే జలపాతం అది. ఆరోజు సన్నని ధార, బోర్డు ఉండబట్టి గుర్తుపట్టాను. మర్నాడే ప్రారంభోత్సవం. నా ధ్రువపత్రం లేనిదే సందర్శకులను ఎక్కించరాదు.

ముందు బరువు పరీక్ష. ఇసుక బస్తాలు కట్టాలి. కాంట్రాక్టరు ఓబులేసు, టిక్కెట్ల గదికి పరవగా మిగిలిన బేతంచెర్ల బండలు కట్టించాడు. ఏదైనా బరువు బరువే కదా అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. బండలు దూసుకుంటూ అవతలి గట్టుకు చేరాయి. పత్రంలో చివరి అంశం, మధ్యలో ఆగిన మనిషిని లాగే తాడు.

"యాడుండాదప్పా?" అని అడిగాను.

"జీపులో ఉండాది సార్. శానా గట్టి తాడు."

చూడకుండా 'ఉంది' అని రాసి సంతకం పెట్టేశాను.

తర్వాత మనిషి పరీక్ష. ఓబులేసు టవరు మొదటి మెట్టయినా ఎక్కలేదు, కళ్లు తిరుగుతాయట. యాభై కిలోల నేనే బయల్దేరాను. బండలకు చొక్కా ఉండదు, నాకుంది. ఎదురుగాలికి అది బస్తాలా పొంగింది. సగం దాటి, కాస్త వెనక్కి జారి, తీగ కుంగిన చోట ఆగిపోయాను.

"కదలొద్దు సార్! తాడు మైదుకూరులో ఉండాది, తెప్పిస్తాండా!" గట్టు మీంచి ఓబులేసు కేక.

"జీపులో ఉండాదంటివే!"

"జీపే మైదుకూరులో ఉండాది సార్!"

గంటకు పైగా ఉన్నాను. కింద మొద్దు మీద ఒక నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. గట్టున అందరూ షామియానా నీడకు వెళ్లిపోయారు. ఫోను తీశాను. ఇలాంటివి సాయంత్రం మా ఆవిడకు చెప్పి నవ్వించేవాణ్ని. ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. ఇంకెవరికి చేయాలో తోచక జేబులో పెట్టేసుకున్నాను. పొద్దుగూకేదాకా అక్కడే ఉన్నా ఇంటి దగ్గర వెతికేవాళ్లు లేరు. క్యారియరు తెచ్చే మనిషి కూడా గుమ్మంలో పెట్టి పోతాడు.

తాడు వచ్చింది, లాగారు. నేల మీద కాలు పెట్టానో లేదో, "సంతకం అయిపోయిండాది కదా సార్, ఈ మాట బయట పెట్టొద్దు" అన్నాడు ఓబులేసు. పత్రం అడిగి తీసుకుని అడ్డంగా కొట్టేశాను. ప్రారంభోత్సవం వారం వాయిదా పడింది.

బరువు తూస్తే చాలదు, గాలినీ చూడాలని, ఉందని రాసేముందు వస్తువును చేత్తో పట్టుకోవాలని ఆరోజు నేర్చుకున్నాను. తాడు టవరు మీదికి, గాలి కొలిచే పరికరం గట్టు మీదికి వచ్చాకే కొత్త పత్రం రాశాను. అందులో ఒక షరతు చేర్చాను: రోజూ ఉదయం సందర్శకుల కంటే ముందు కాంట్రాక్టరు స్వయంగా ఒకసారి దాటి, రిజిస్టరులో సంతకం చేయాలి.

ఓబులేసు అది రెండుసార్లు చదివి, టవరు వైపు చూశాడు.

"నాకు కళ్లు తిరుగుతాయని చెప్తిని కదా సార్!"

"మూసుకోప్పా," అన్నాను. "నేను సంతకం పెట్టింది అట్లనే."