తులసమ్మ గడ్డ, నా ఆముదపాకు

కర్ణాటకలో సింధనూరు దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన మా క్యాంపులో నాట్లకు ఆడవాళ్లను పిలిచేదీ, ముందుగా మడిలో దిగేదీ నా భార్య తులసమ్మే. అరవై రెండేళ్లు. మోకాళ్లు పట్టేసినా అందరికన్నా ముందు గట్టెక్కిన రోజు లేదు.

మొన్న నాట్లప్పుడు ఎడమ రొమ్ములో నిమ్మకాయంత గడ్డ తగిలింది. "నాట్లయ్యాక చూద్దాంలెండి" అంది. నేను ఆముదపాకు వెచ్చజేసి కట్టాను. పది రోజుల్లో గడ్డ సగమైంది. ఇక నన్ను ఆపేవాళ్లు లేరు. మా తాత ఇదే ఆకుతో ఏనుగు వాపు తగ్గించాడనీ, అది కృష్ణా నది ఈదుకొచ్చి దండం పెట్టిందనీ టీకొట్టులో చెప్పాను.

నాట్లయ్యాక గడ్డ మళ్లీ ఉబ్బింది. కలుపుతీతల రోజుల్లో తగ్గింది. రాయచూరులో ముక్క తీసి చూస్తే ఏమీ తేలలేదు. రొమ్ము తీసేయాల్సి రావచ్చన్నారు.

"తగ్గినప్పుడు ఏం వాడారమ్మా?" అంది డాక్టరమ్మ.

"ఏనుక్కూడా ఇదే..." అని నేను అందుకున్నాను.

"మీరూరుకోండి." తులసమ్మ కొంగుముడి విప్పి తెల్ల మాత్రలు బల్లమీద పెట్టింది. "మోకాళ్లకండి. మందులకొట్టు నింగప్ప తెచ్చిస్తాడు. పని రోజుల్లో మా ఆడాళ్లందరం వేసుకుంటాం. ఈయనకి చెబితే మడిలో దిగనివ్వరని చెప్పలేదు."

అవి స్టెరాయిడ్లట. మామూలు రొమ్ము క్యాన్సర్ వాటికి అలా కరగదట. "ఇది లింఫోమా కావచ్చు, తెల్లరక్తకణాల క్యాన్సర్. రొమ్ములో పుట్టడం అరుదు. అదే అయితే కోత అక్కర్లేదు, మందులు ఎక్కిస్తాం. ఈ మాత్రలవల్లే ముక్కలో ఏమీ తేలలేదేమో. వాటిని మెల్లగా ఆపి, గడ్డ పెరిగాక మళ్లీ ముక్క తీద్దాం."

"పెరగాలా?" అంది తులసమ్మ.

రోజూ పొద్దున్నే తడుముకుని చెప్పేది. శనగగింజ. ఉసిరికాయ. నిమ్మకాయ అన్ననాడు నాకు సంతోషం కలిగింది. ఆ తర్వాత ఆమె మొహం చూడలేకపోయాను.

మళ్లీ ముక్క తీశారు. లింఫోమానే. మందు రెండుసార్లు ఎక్కించారు, ఇంకా నాలుగున్నాయి. జుట్టంతా రాలింది. నయమవుతుందా అంటే "చూద్దాం" అంటోంది డాక్టరమ్మ.

నిన్న పక్కింటి మాధవీలత వచ్చింది. "తాతయ్యా, నాకూ ఇక్కడేదో తగులుతోంది. ఆ ఆకు ఎలా కట్టాలో చెప్పండి."

అప్పుడు గడ్డ తగ్గించింది ఆకు కాదు, మాత్రలని చెప్పాను. ఏనుగు కూడా లేదన్నాను.

ఆమె నవ్వింది. "మీ మాటలు నాకు తెలీవా? ముందు ఆకు చెప్పండి."

తులసమ్మ గోడ పట్టుకుని లేచింది. తలకు తువ్వాలు చుట్టుకుంది. "చెప్పులేసుకోవే పిల్లా. రాయచూరు బస్సు పదింటికి."