ఏటి దాకా

"యేమ్మే, వస్తావు గదా?" అనింది మునెమ్మక్క.

"వస్తాలేక్కా, ముందు ఈ గంజి తాగు" అన్నాను.

మా ఇద్దరికీ అదే ఆఖరి మాట. గంజి తాగలేదు.

ఈ పొద్దు పక్కింట్లో నీళ్ళు కాంచను పిడకలు రాజేసినారు. ఆ పొగ ముక్కుకు తగలతానే ఆయమ్మ గుర్తుకొచ్చింది. మా తమ్ముని కూతురు లతను పిలిచి, నేను చెప్తాను, నువ్వు రాయమ్మా అన్నాను. నాకు సంతకం తప్ప రాదు.

మునెమ్మక్క మా ఎదురింటామె. కాణిపాకం దావలో ఇడ్లీలు పోసేది. మొగుడు పోయి శానా కాలమైంది, నోరు మాత్రం పెద్దది. మా ఆయన పోయినప్పుడు పాడెను సగం దావలో దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచినారు. ఆడోళ్ళం ఆడి నుంచే తిరిగొచ్చేయాల, మా పక్క రివాజు అది. కాల్చింది నేను సూడలేదు. కంటితో సూడనిది మనసు నమ్మదు. పొద్దుగూకినా తలుపుకు గడియ పెట్టేదాన్ని కాదు, ఆయనొస్తే తట్టుకుంటా నిలబడాల గదా అని. రెండేండ్లు అట్లే. "దొంగోళ్ళకు పిలుపు పంపినావా మే?" అని ఎగతాళి చేసేది అక్క. ఒకనాడు ఎగతాళి మానేసి, "నడువు, కాశీకి పోదాం" అనింది.

పూతలపట్టులో యాత్ర బస్సెక్కినాము. కాశీలో అందరూ గుడికి పోతే, అక్క నన్ను గంగ ఒడ్డున పీనుగుల్ని కాల్చే రేవుకు తీసకపోయి మెట్ల మీద కూర్చోబెట్టింది. ఎవురో ముసిలాయన్ను నీళ్ళలో ముంచి తెచ్చి కట్టెల మీద పెట్టినారు. గుండు కొట్టించుకున్న కొడుకు చుట్టూ తిరిగి నిప్పు పెట్టినాడు. నేను మొగం తిప్పుకున్నాను.

"ఎవురో పరాయోడు గదక్కా, మనకెందుకు?"

"నీ మొగుడు పోయిందీ ఇట్లనే. సూడు."

సూసినాను. పుర్రె పగిలిన సద్దు కూడా ఇన్నాను. కడకు ఆ కొడుకు కుండెడు నీళ్ళు భుజం మీదుగా ఎనక్కి ఇసిరి, తిరిగి సూడకుండా పోయినాడు. తిరిగి సూస్తే పోయినోళ్ళు ఎంట వస్తారంట.

"సూసినావు గదా, ఇంక పోయి గడియ పెట్టుకో" అనింది అక్క. కండ్లు తుడుచుకుంటా, "నా మొగుని వంతూ సూసుకున్నాలే" అనింది.

ఇంటికొచ్చిన పొద్దే గడియ పెట్టినాను.

మంచాన పడినాక ఆయమ్మ అడిగింది ఒకటే. "నన్ను సగం దావలో దించేసి ఎనక్కి పోవద్దు మే. ఏటి దాకా రా." ఆ 'వస్తావు గదా' ఇందుకే.

అక్క పాడె దించిన కాడ ఆడోళ్ళంతా ఎనక్కి తిరిగినారు. నేను నడస్తా ఉంటే అక్క కొడుకు అడ్డమొచ్చినాడు. "చిన్నమ్మా, ఆడోళ్ళు రాకూడదు."

"కాశీలో పరాయోణ్ణి సూసినాను నాయనా. మీ అమ్మను ఈడ సూడకూడదా?"

వాడు పక్కకు జరిగినాడు.

మా ఏట్లో నీళ్ళు లేవు, ఇసకే. కుండ పగలగొట్టి, పేర్చిన పిడకలకు నిప్పు పెట్టినాక అందరూ తిరిగి సూడకుండా నడిచినారు. నేను తిరిగి సూసినాను. తెలిసే సూసినాను. ఎంట వస్తే రానీ అనుకున్నాను.

రాలేదు.

ఒళ్ళూ మనసూ అలిసిపోయినాయి. అయినా పొద్దుగూకితే లేచి గడియ పెడతా ఉండాను, లేకపోతే ఆయమ్మ తిడతాది.

లతా, అంతా వద్దులే. అక్క 'వస్తావు గదా' అన్న కాడ ఒకసారి సదువు. నేను వస్తాలే అన్నాను గదా, అది రాసినావా సూడు.