ఆ రోజు కస్తూరి కుర్చీలో కూర్చున్నది నేను

చాలా ఏళ్ళ కిందట నేను ఒక మాట అన్నాను. చిన్న మాట. దాంతో ఒక ఆడమనిషి పనీ పరువూ రెండూ పోయాయి. ఆమె తప్పు చేయలేదని రుజువుతో చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. వాడు నేను. ఎందుకంటే ఆ తప్పు చేసింది నేనే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసిన వాళ్ళకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నాళ్ళు ఎందుకు మోస్తాను?

అప్పుడు నేను తమిళనాడులో, వేలూరు దగ్గర గుడియాత్తంలో ఒక లుంగీల కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం నా పని. ఏ తీగ ఊడినా, ప్రింటర్లో కాగితం ఇరుక్కున్నా, అక్షరాలు తమిళంలో రాకపోయినా నన్నే పిలిచేవారు. చదువుకున్నవాణ్ణని మర్యాద ఉండేది. మా నాన్న బజారులో కొట్టు పెట్టుకున్న మనిషి. కొడుకు చల్లటి గదిలో కూర్చుని పనిచేస్తాడని అందరికీ చెప్పుకునేవాడు.

కస్తూరి అదే గదిలో డిజైన్లు గీసేది. పరదరామి దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంట్లో మాలాగే తెలుగు. లుంగీకి పడుగులో ఏ రంగు దారం ఎన్ని పోగులు, పేకలో ఎన్ని, ఏ గడి పక్కన ఏ గడి రావాలి, ఇదంతా కంప్యూటర్‌లో గీసి పెట్టడం ఆమె పని. అంతకుముందు కంపెనీలో గుడ్డ ముక్కలే నమూనాలు. వాటన్నిటినీ చూసి ఆమె కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఎక్కించాక ఆ ముక్కలను మూటగట్టి గోడౌనులో పడేశారు. అవి వానకు తడిసి చెదలు పట్టాయి. ఎవరికీ దిగులు లేదు. అంతా కంప్యూటర్‌లో ఉందిగా అనుకున్నారు. నేను కూడా అలాగే అన్నాను.

ఆమెకు నోరు ఎక్కువ. నవ్వూ ఎక్కువే. టీకి లేచినా, అన్నానికి లేచినా కంప్యూటర్ మూసేది కాదు. ఆమె పాస్‌వర్డ్ ఆఫీసంతటికీ తెలుసు. స్క్రీన్ పెద్దదని అందరం ఆ సీట్లోనే కూర్చుని ఏదో ఒకటి చూసుకునేవాళ్ళం. అలా చేయకూడదని చెప్పవలసింది నేను. నేనే అందరికంటే ఎక్కువ కూర్చునేవాణ్ణి.

ఇంకొక పని కూడా నాదే. డిజైన్లన్నీ వారం వారం నా దగ్గరున్న పెద్ద కంప్యూటర్‌లోకి కాపీ చేయాలి. మొదట్లో శ్రద్ధగా చేశాను. తరువాత దానంతట అదే కాపీ అయ్యేలా అమర్చి వదిలేశాను. కొంతకాలానికి పొద్దున్నే నా స్క్రీన్ మీద ఒక చిన్న డబ్బా కనిపించడం మొదలైంది. అందులో ఏదో రాసి ఉండేది. నేను చదివేవాణ్ణి కాదు. 'సరే' అన్న చోట నొక్కి నా పని చూసుకునేవాణ్ణి. మనమందరం అంతే కదా? చదవకుండా 'సరే' నొక్కుతాం. ఆ డబ్బా చెబుతున్నది ఏమిటంటే, చోటు నిండిపోయింది, కాపీ కావడం లేదు అని. మా యజమాని, అందరం ముదలాళి అని పిలిచేవాళ్ళం, అప్పుడప్పుడూ "కాపీ అవుతా ఉండాదా అప్పా?" అని అడిగేవాడు. "అవుతా ఉండాదయ్యా" అనేవాణ్ణి.

ఆయుధపూజ ముందురోజు. మా వైపు ఆఫీసుల్లో ఆ రోజు పని ఉండదు, శుభ్రం చేయడమే. మగ్గాలు, కత్తెరలు, తూకాలు, లారీలు, కంప్యూటర్లు, అన్నీ తుడిచి, సాయంత్రానికి చందనం, కుంకుమ పెట్టి, పూలు వేసి వాటిని పడుకోబెడతారు. పూజ రోజున వాటిని ఎవరూ ముట్టుకోరు. ఆ మరునాడు విజయదశమికి మంచి వేళ చూసి లేపుతారు. కంప్యూటర్‌కు పైన దుమ్ము తుడిస్తే సరిపోదు, లోపల కూడా చెత్త తీసేయాలి అన్నది మా ఆఫీసులో పట్టింపు. పనికిరాని ఫైళ్ళు తీసేయడం కూడా మాకు ఒక రకం పూజే.

కస్తూరి చీర కొంగు దోపుకుని గుమ్మం ముందు ముగ్గు వేస్తోంది. నన్ను చూసి అరిచింది.

"అన్నా, నా సిస్టం ముసిలెద్దు మాదిరి నడస్తా ఉండాది. పండగ పూట దానికీ ఒక స్నానం చేయించు."

"సోపు యాడుండాది మా?" అన్నాను. అందరూ నవ్వారు.

ఆమె కుర్చీలో కూర్చున్నాను. కంప్యూటర్ తెరిచే ఉంది. డిస్కు నిండిపోయి ఉంది. ఆ ఏడాది డిజైన్లు మాత్రం ఉంచి, అంతకుముందువన్నీ తీసేశాను. నా దగ్గర కాపీ ఉందిగా. పూర్తిగా తీసేయాలా అని కంప్యూటర్ అడిగింది. చదవకుండా నొక్కాను. లేచి, "చూసుకో మా, ఇంక గుర్రమే" అన్నాను. ఆమె ముగ్గు పిండి చేత్తోనే దండం పెట్టింది.

నా సీటుకు వచ్చి, నా కంప్యూటర్‌కు కూడా స్నానం చేయిద్దామని చూశాను. అప్పుడు తెలిసింది. కాపీ లేదు. ఎప్పటివో కొన్ని తప్ప ఏమీ లేవు.

ఇక్కడ ఆగి మీకు ఒక విషయం చెప్పాలి. ఇది తెలియకపోతే నా తప్పు ఎంతటిదో మీకు అర్థం కాదు. కంప్యూటర్‌లో తీసేసినది వెంటనే పోదు. దాని మీద వేరేదేదైనా వచ్చి పడేదాకా లోపల ఉంటుంది. ఆ కంప్యూటర్‌ను ముట్టుకోకుండా, డిస్కు విప్పి వేలూరుకు తీసుకుపోతే, వెనక్కు తెచ్చే వాళ్ళు ఉన్నారు. వాళ్ళు నాకు తెలుసు. బస్సు ఎక్కితే చాలు. నేను చేయవలసిందల్లా ముదలాళి దగ్గరికి వెళ్ళి, అయ్యా, పొరపాటు జరిగింది అనడమే.

నేను తలెత్తి చూసేసరికి ముదలాళి భార్య పళ్ళెంతో వచ్చేసింది. ఒక్కొక్క స్క్రీన్‌కూ చందనం బొట్టు పెడుతోంది. కస్తూరి కంప్యూటర్‌కు పెట్టింది. నా కంప్యూటర్‌కు పెట్టింది. బొరుగులు, బెల్లం, శనగలు చేతిలో పోసింది. తిన్నాను. బొట్టు పెట్టిన యంత్రాన్ని విప్పమని ఎలా అడగను అనుకున్నాను. అది సాకు. అప్పుడే అది సాకని నాకు తెలుసు. పూజ రోజంతా ఎవరూ ముట్టుకోని ఆ కంప్యూటర్‌లో డిజైన్లు భద్రంగా ఉన్నాయి. ఊరి ఆచారమే నాకు ఒక రోజు గడువు ఇచ్చింది. నేను ఇంట్లో పండగ భోజనం చేసి పడుకున్నాను.

విజయదశమి పొద్దున కస్తూరి శకునానికి ఒక కొత్త గడి గీసింది. తరువాత ముదలాళి కొడుకు పూజ ఫోటోలూ వీడియోలూ తెచ్చి, పెద్ద స్క్రీన్‌లో చూద్దామని అన్నీ ఆమె కంప్యూటర్‌లో ఎక్కించాడు. పాతవాటి మీద అవి పడుతూ ఉంటే నేను పక్కనే నిలబడి చూశాను. ఫోటోలో నేను కూడా ఉన్నాను. బాగా పడ్డావని ఎవరో అన్నారు.

కొన్ని రోజులకు దుబాయి నుంచి పాత గడులకు ఆర్డర్ వచ్చింది. కస్తూరి వెతికింది. లేవు. ముదలాళి మమ్మల్ని ఇద్దరినీ తన గదికి పిలిచాడు.

ఆయన అధికారంలో ఉన్న పార్టీ మనిషి. ఆ పార్టీ రంగుల అంచు పంచె తప్ప వేరేది కట్టడు. కస్తూరి భర్త అవతలి పార్టీకి పల్లెలో జెండా కట్టేవాడు. అవతలి పార్టీ పెద్దమనిషికి కూడా అదే ఊళ్ళో లుంగీల వ్యాపారం ఉంది. మేము ఆ గదిలోకి వెళ్ళేటప్పటికే ఈ మూడూ ముదలాళి మనసులో ఒకదాని పక్కన ఒకటి చేరి ఉన్నాయి.

"ఎవురి పేరుతో తీసినట్టు ఉండాదప్పా?" అని నన్ను అడిగాడు.

"కస్తూరి లాగిన్‌లోనయ్యా."

అది నిజమే. నేను అబద్ధం చెప్పలేదు. ఆ వాక్యంతో నన్ను నేను ఎన్నాళ్ళు జోకొట్టుకున్నానో చెప్పలేను.

"మీ ఆయన జెండా యాడుండాదో, నా డిజైన్లూ ఆడికే పోయినాయి" అన్నాడు ముదలాళి ఆమెతో.

"మా ఆయన ఏ జెండా మోస్తే మీకేమయ్యా? నేను మోసేది మీ కంపెనీ పనే గదా? నేను తీయలే. నా బిడ్డ మీద ఆన." ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో కోపమే ఉంది, భయం లేదు. సాక్షి పక్కనే ఉన్నాడన్న ధైర్యం అది. "పూజ ముందర అన్న నా సిస్టం శుభ్రం చేసినాడు. ఆ పొద్దు దాకా నేను ఒక్కటి కూడా పోగొట్టలే. ఏమన్నా, నువ్వు చూసినప్పుడు అన్నీ ఉండె గదా? చెప్పన్నా."

ఫ్యాన్ తిరుగుతోంది. ముదలాళి నన్నే చూస్తున్నాడు.

"ఉండె" అన్నాను.

అంతే. ఆ ఒక్క మాట. తన మేలుకే అనుకుని ఆమె అడిగింది. నేను లేచేటప్పటికి ఉన్నాయంటే, పోయింది ఆ తరువాతే. ఆ తరువాత ఆ కంప్యూటర్‌లో పనిచేసింది ఆమే. తన మెడకు ఉరి తగిలించమని తెలియక ఆమే అడిగింది, నేను తగిలించాను. అప్పటికీ ఆమెకు అర్థం కాలేదు. ముదలాళికి అర్థమైంది.

"ఇంక చెప్పేదేముండాది? పొయ్యిరామ్మా" అన్నాడు.

ఆ రోజుతో ఆమె పని పోయింది. గుడియాత్తం చిన్న ఊరు. డిజైన్లు దొంగిలించిన మనిషి అని పేరు పడ్డాక ఆమెను మళ్ళీ కంప్యూటర్ ముందు ఎవరూ కూర్చోబెట్టలేదు. దొంగిలించిన డిజైన్లు ఎవరికి అందాయని అందరూ అనుకున్నారో, ఆ అవతలి పెద్దమనిషి కూడా పని ఇవ్వలేదు. అక్కడ తీసింది రేపు మా దగ్గర తీయదా అన్నాడట. కానీ ఆయన పార్టీ వాళ్ళు మాత్రం ఆమె కోసం గోడల మీద పోస్టర్లు వేశారు. కార్మికురాలికి అన్యాయం అని, పిడికిలి బొమ్మతో. ఆ పోస్టర్లు చూసి నాకు ఎంత నిమ్మళం కలిగిందో చెబితే అసహ్యించుకుంటారు. ఇది పార్టీల గొడవ అయిపోయింది, ఇక నిజం ఎవరికీ అక్కరలేదు. ఎన్నికలయ్యాక ఒక పెళ్ళిలో ముదలాళీ ఆ పెద్దమనిషీ పక్కపక్క ఆకుల్లో భోంచేశారు. కస్తూరి అప్పటికే ఆంబూరు వైపు చెప్పుల కంపెనీ బస్సు ఎక్కుతోంది. అట్టలకు జిగురు పూసే పని.

నాకు ఏమయిందంటారా? నాకు పెద్దరికం వచ్చింది. ముదలాళి కొత్త డిస్కులు కొనిచ్చాడు, నేను అడిగినవన్నీ ఇచ్చాడు. తరువాత వేలూరులో ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికింది. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు నేనే పాఠం చెబుతాను. మీ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి, సీటు వదిలేటప్పుడు మూయండి, మీ పేరుతో ఏం జరిగినా బాధ్యత మీదే అని. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. మీ పేరుతో ఏం జరిగినా బాధ్యత మీదే. ఈ వాక్యం చెప్పే అర్హత నాకంటే తక్కువ ఉన్నవాడు ఎవడైనా ఉంటాడా? అయినా చెబుతాను. జీతం వస్తుంది.

ఈ మధ్య వేలూరు బస్టాండులో ఆమె కనిపించింది. నేనే తప్పుకుని పోబోయాను. ఆమే పిలిచింది. జుట్టు నెరిసింది. వేళ్ళ చివర్ల చర్మం జిగురుతో గట్టిపడి, పొరలు పొరలుగా లేచి ఉంది. కొత్త ఫోన్ తీసుకుంటే గుర్తు కోసం వేలు పెట్టమంటుందట, ఎన్నిసార్లు పెట్టినా తన వేలును అది గుర్తుపట్టదట. నవ్వుతూ చెప్పింది. మా ఇంట్లో వాళ్ళ క్షేమం అడిగింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి వంగి అంది:

"ఆ పొద్దు ఆఫీసులో అందురూ నోరు మూసుకున్నారన్నా. నువ్వొకడివే నా పక్క మాట్లాడినావు. నేను మర్సిపోలే."

ఇన్నేళ్ళుగా ఆమె నన్ను తిట్టుకుంటూ ఉంటుందని అనుకుని బతికాను. దానికి అలవాటు పడ్డాను. కృతజ్ఞత మోస్తోందని తెలిశాక ఇక నా వల్ల కాలేదు.

మరి ఆ బస్సు వెనకాల పరుగెత్తి ఎందుకు చెప్పలేదు? ఇప్పుడైనా పరదరామి బస్సు ఎందుకు ఎక్కను? నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు ఒకటే వస్తుంది, పిరికితనం అని. ఇది రాయడంలో కూడా అది ఉంది. మా అమ్మ పట్టుబట్టి నాకు తెలుగు చదవడం, రాయడం నేర్పింది. కస్తూరికి తెలుగు మాటే గానీ అక్షరం రాదు. ఆమె బడిలో చదివింది తమిళం. ఆమె చదవలేని రాతలో ఆమెకు చేసిన ద్రోహం ఒప్పుకుంటున్నాను. ఇది నాకు తెలియక చేస్తున్న పని అని మీరు అనుకోకూడదు.

క్షమాపణ అడగడం లేదు. ఆమెను అడగకుండా మిమ్మల్ని అడిగి ఏం లాభం? ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఒక్కటే నేను చేయగలిగింది. ఆ డిజైన్లు తీసేసింది నేను. కాపీ తీయనిది నేను. వెనక్కు తెచ్చే వీలుండగా నోరు మూసుకున్నది నేను. కస్తూరి దొంగ కాదు. ఎన్నడూ కాదు.

ఇక్కడిదాకా రాశాక గుండెలో కాస్త గాలి ఆడుతోంది. నాకు ఆ హక్కు లేదని తెలిసినా, ఆడుతోంది.

నా పేరు కింద పెట్టడం లేదు. ఆ కంపెనీలో కంప్యూటర్లు చూసినవాడు ఒక్కడే. మీలో ఎవరికైనా గుడియాత్తం తెలిసి ఉంటే, అడిగితే చెబుతారు. అడగండి. ఆమె ఇల్లు కూడా వాళ్ళే చూపిస్తారు. ఇది ఆమెకు చదివి వినిపించండి.