పంతులమ్మ కొట్టిన గంట

మా పంతులమ్మ పోయింది. ఆళ్లగడ్డలో పుట్టింట్లో ఉన్న నాకు ఆ కబురు పొద్దున బస్సు కండక్టరు తెచ్చాడు. నంద్యాల దారిలోనే మా అత్తగారి ఊరు. అక్కడ బస్సు ఆపి ఎవరో చెప్పి పంపారట. కార్తీకమాసం, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇంత ఎండలో పోయిందేమిటి ఈవిడ అనుకున్నాను, ఏడుస్తూనే. మా ఊళ్లో ఆమెను వెనకాల వానమ్మ అనేవాళ్లు మరి.

ఆమె నంద్యాలలో పుట్టి పెరిగిన క్రైస్తవుల ఆడపడుచు. నేను కాపురానికి వచ్చేటప్పటికే మా ఊరి మిషన్ బడిలో పాఠాలు చెబుతోంది. బడి, దాన్ని ఆనుకుని చర్చి, ఆ పక్కన ఊరందరి కళ్లం. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా పంచాయతీకి రేడియో వచ్చింది. మగవాళ్లు పాటలకు చేరేవాళ్లు. ఈమె మాత్రం వాతావరణం చెప్పే వేళకు గొడుగు చంకన పెట్టుకుని వచ్చి, నిలబడి విని, అది అయిపోగానే వెళ్లిపోయేది. మర్నాడు బడి గుమ్మానికి పలక వేలాడేది. దాని మీద ‘ఈరోజు వాన రావచ్చు’ అనో, ‘ఉరుములు మెరుపులు ఉండవచ్చు’ అనో ఉండేది.

చాలాసార్లు వాన వచ్చేది కాదు. అప్పుడామె పలక తుడిచేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ‘నిన్న వాన రాలేదు, నేను రాసింది తప్పు’ అని దాని కిందే రాసి పెట్టేది. పిల్లలు దాన్ని గొంతెత్తి చదివి పకపకా నవ్వేవాళ్లు, చదవనిచ్చేది. తన తప్పు తానే రాసి వీధికి వేలాడదీసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. మా ఇంట్లో పెద్దవాళ్లలో అయితే అసలే చూడలేదు.

ఉరుముతుంటే ఎవరైనా వేపచెట్టు కింద నిలబడ్డారో, అయిపోయినట్టే. “తడిస్తే తువాలు పెట్టి తుడుచుకుంటావు. పిడుగు పడితే ఏం పెట్టి తుడుచుకుంటావప్పా?” అని గొడుగుతో పొడిచి మరీ చెట్టు కింది నుంచి తోలేది.

ఒక ఏడాది సంగతి చెప్పాలి. అంతకు ముందటేడు వానల్లేక పంట ఎండిపోయింది. ఆ ఏడు వేరుశనగ బాగా పండింది. బుడ్డలంటాం మేం. ఊరందరి బుడ్డలూ కళ్లంలో ఆరుతున్నాయి. రైతుకు విత్తనమైనా, కూలివాళ్లకు గింజలైనా ఆ కుప్పల్లోంచే రావాలి. పలక మీద వాన అని చూసి జనం ఒకరోజు పని మానుకుని అన్నీ కప్పారు. పెళపెళా ఎండ కాసింది. మా మామకు ఒళ్లు మండి, ఇక రేడియో మాట కళ్లంలో ఎత్తొద్దన్నాడు.

ఆ వారంలోనే రేడియో మళ్లీ చెప్పింది, సముద్రంలో తుఫాను, ఉరుములతో భారీ వర్షాలని. పంతులమ్మ పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగింది. మొన్న కప్పినదానికే నడుములు విరిగాయని మామ ఆమెను గడపలోంచే పంపేశాడు. అందరూ చేలకు వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి నల్లమల మీద మబ్బు కమ్మింది. కళ్లంలో కాపలా ముసలాయన తప్ప ఎవరూ లేరు. అప్పుడు మోగింది చర్చి గంట. ఒక దెబ్బ, చాలాసేపు ఆగి ఇంకో దెబ్బ.

ఆ మోత చావుకు కొట్టేది. అది వినపడితే మా ఊళ్లో ఏ కులంవాళ్లయినా చేతిలో పని వదిలేసి రావాల్సిందే. గొయ్యి తీయడానికి మగవాళ్లు పారలూ గడ్డపారలూ పట్టుకుని వస్తారు. అలాగే వచ్చారు. తలపాగా తీసి చేత పట్టుకుని మామ, ఎవరు పోయారని అడిగాడు.

పంతులమ్మ గంట తాడు వదలకుండానే చెప్పింది. “ఎవురూ పోలేదన్నా. ఆ బుడ్డలు తడిస్తే మాత్రం అందరం పోతాము. చేతిలో పారలుండాయి గదా, కళ్లం చుట్టూ కాలవ తీయండి.”

తిట్టడానికి కూడా టైం లేకపోయింది. మగవాళ్లు కాలవ తీశారు, ఆడవాళ్లం కుప్పల మీద చాపలు కప్పాం. మిగిలిన బుడ్డలకని ఆమె చర్చి తలుపులు బార్లా తెరిచింది. జన్మలో ఆ గడప తొక్కని మా అత్త గంపతో బయటే నిలబడిపోయింది. నెత్తిన పిడుగు పడ్డట్టు ఒక ఉరుము ఉరిమింది. అంతే, అత్త నా కంటే ముందు లోపలుంది.

వంకలు పొంగి బస్సులు ఆగిపోయాయి. పక్క ఊళ్లలో బుడ్డలు కుప్పల్లోనే మొలకెత్తాయి. మావి నిలిచాయి. దారి తెరుచుకున్నాక నంద్యాల నుంచి చర్చి అయ్యగారు వచ్చారు. చావు గంటను అబద్ధానికి కొట్టడం చిన్న తప్పు కాదు, ఆమె ఉద్యోగం పోతుందనే అనుకున్నాం. ఆమె చేతులు కట్టుకుని నిలబడి ఒకటే మాటంది. “సచ్చినోళ్లకు ఎన్నిసార్లు కొట్టినా లేయరు అయ్యగారూ. బతికుండేటోళ్లకు ఒకసారి కొడితి, లేసి వచ్చిరి.” ఆయన ఆమెను ఉద్యోగంలోంచి తీయలేదు. ఆ ఆదివారం ప్రార్థన బుడ్డల గుట్టల మధ్యే జరిగింది. గుడిసెల్లో, మా ఇంట్లో ఆ ఏడు పొయ్యి వెలిగిందంటే అది ఆమె చలవే.

మామ ఆమెకు మంచి మాట ఒక్కటీ చెప్పలేదు, ఆయన నోరు అటువంటిది. కానీ ఆ తర్వాత రోజూ, పలక మీద ఏముందో చూసి రమ్మని నన్ను పంపేవాడు. వాన గట్టిదని తెలిస్తే ఆమె ఆ గంటే కొట్టేది. వద్దన్నవాళ్లు లేరు.

కబురు అందిన రోజు మధ్యాహ్నం నేను మా ఊళ్లో బస్సు దిగాను. దిగగానే కనిపించేది కళ్లమే. మిట్టమధ్యాహ్నపు ఎండలో కుప్పలన్నిటి మీదా చాపలు కప్పి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టి ఉన్నాయి. చుట్టూ అప్పుడే తీసిన కాలవ, మన్ను ఇంకా పచ్చిగా ఉంది. చర్చి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మా అత్త గట్టు మీద కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

“తెల్లారగట్ల గంట ఇనపడె. అందరం ఉరికొచ్చి కప్పినాం” అంది. “మబ్బు ల్యాకపోయినా కప్పినాం. కప్పినంక ఆమె ఆపేస్తాది గదా, ఈతూరి గంట మోగతానే ఉండాది. అప్పుడు మీ మామ, కొట్టేది ఎవురో చూసిరాపోండి అన్నాడు.”

ఆమెను మట్టి చేసి వచ్చేదాకా ఎవరూ ఆ చాపలు తీయలేదు.