అరలో పెండ్లి పత్రిక

నిన్న పొద్దున ఆఫీసులో ఇనుప బీరువా సర్దుతుంటే, నన్ను పారేయాల్సిన సంవత్సరం వచ్చిందని తెలిసింది. ఏటా ఏప్రిల్‌లో పాత ఫైళ్లు దించి, అట్ట మూలన రాసిన సంవత్సరం చూసి, గడువు తీరినవాటిని పక్కన పెట్టడం నా పని. ఆ దుమ్ములోంచి సన్నటి ఫైలొకటి జారి పడింది. దాని తాడు రంగు వెలిసి ఎలుక తోకలా ఉంది. పైన గుండ్రటి అక్షరాలతో నా పేరు, కొలువులో చేరిన తేదీ. కింద మూలన ‘పారేయవలసిన సంవత్సరం’ అని ఈ ఏడు. ఆ అక్షరాలు మా వదినవి. నాకు అప్పుడప్పుడే మీసాలు వస్తున్న రోజుల్లో, నాకు అరవై నిండే ఏడు లెక్కగట్టి రాసింది. ‘‘అప్పటిదాంక భూమి ఉంటదా వదినా’’ అని నవ్వాను. ‘‘భూమి సంగతి నాకెందుకు. నా ఫైలైతె ఉంటది’’ అంది. భూమీ ఉంది, ఫైలూ ఉంది. నా జుట్టే మధ్యలో ఎక్కడో దిగిపోయింది.

అది లారీల ఆఫీసు. మేడ్చల్ దాటి అత్వెల్లి వైపు పోతుంటే నాగపూర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఇప్పుడు ఆ దారంతా గోదాములే గానీ అప్పుడు రోడ్డుకు రెండు పక్కలా ద్రాక్ష తోటలు. ఎండకాలం మొదలైందంటే గాలికి కూడా తీపి పట్టేది. డీజిలు వాసన, ద్రాక్ష వాసన, కార్బన్ కాగితం వాసన మూడూ కలిస్తే ఎట్లా ఉంటుందో చెప్పలేను, ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే ఆగిపోతాను. నాకూ ఎనిమిదో తరగతికీ పడలేదు, మర్యాదగానే విడిపోయాం. మా అన్న ఆ షెడ్డులోనే మెకానిక్కు. అన్న పెండ్లి చేసుకున్న ఈ వదిన శామీర్‌పేట పిల్ల, డిగ్రీ చదివి, టైపు పరీక్ష పాసయిన మనిషి. పెండ్లయిన కొన్నాళ్లకే అదే ఆఫీసులో గుమాస్తాగా కూర్చుంది. ఊరికే తిరుగుతున్న నన్ను కూడా పట్టుకొచ్చి పక్కన నిలబెట్టింది. తన పనిని తక్కువ చేసి చెప్పుకునే అలవాటు ఆమెకు లేదు. ‘‘మేడ్చల్ల నాకంటె మంచిగ కాగితాలు సదిరెటోళ్లు ఎవలన్న ఉంటె జూపియ్యిండ్రి’’ అని సేటుతోనే అనేది. సేటంటే ఆ లారీల యజమాని. ఎవరూ చూపించలేకపోయారు.

ఆమెకు ముందు ఆ కుర్చీలో సేటు బామ్మర్ది ఉండేవాడు. ఆయన పద్ధతి ఏమిటంటే, పద్ధతి లేకపోవడమే. కొన్ని కాగితాలు ఇనుప తీగకు గుచ్చి, కొన్ని గోనె సంచిలో, కొన్ని పరుపు కింద. ఏ కాగితం ఎక్కడుందో ఈ లోకంలో ఆయన ఒక్కడికే తెలుసు. ఆయనకు జ్వరం వస్తే లారీలన్నీ పండుకునేవి. అందుకే ఆయనను అందరూ మహా గొప్పవాడు అనుకునేవారు. ఏదో వ్యాపారం పెడతానని పోయి, అది నడవక, మళ్లీ ఆ కుర్చీ వైపు చూడటం మొదలుపెట్టాడు. ఈ చూపు సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

వదిన నాకిచ్చిన మొదటి పని కొత్త ఫైళ్లకు పేర్లు రాయడం. మా దగ్గర లారీని నెంబరుతో ఎవరూ పిలవరు, డ్రైవరుతో పిలుస్తారు. పెద్ద మీసాల డ్రైవరు ఒకాయన ఉండేవాడు, ఆయన లారీని అందరూ ‘మీసాలాయన బండి’ అనేవారు. నేనూ అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘మీసాలాయన’ అని రాసి, నా చేతిరాతకు నేనే మురిసిపోయాను. నెల తిరగకముందే ఆయన కొమురెల్లికి పోయి, మొక్కు తీర్చుకొని, తల నున్నగా, మూతి ఇంకా నున్నగా చేసుకొని వచ్చాడు. వచ్చినవాణ్ని సేటు ఇంకో లారీ ఎక్కించాడు. ఆ వారమే పర్మిటు కాగితం కావలసి వస్తే నేను పాత బండి కోసం కొత్త బండి ఫైలూ, కొత్త బండి కోసం పాత బండి ఫైలూ తీసి, మధ్యలో మీసాల కోసం వెతుకుతూ నిలబడ్డాను. వదిన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

‘‘మర్దీ, డ్రైవరు మారుతడా, మారడా?’’

‘‘మారుతడు.’’

‘‘మీసాలు?’’

‘‘అవ్వి గూడ మారినయి గద వదినా, నాదేం తప్పు.’’

‘‘బండి నెంబరు మారుతదా? మారంది ఏదో జూస్కోని దాని పేరు మీద వెట్టు. మనుషుల పేరు మీద వెడ్తె మనుషుల ఎంబడి తిరుగుడే అయితది.’’

బడిలో ఎనిమిదేండ్లు కూర్చున్నా ఇంత సూటిగా నాకెవరూ ఏదీ చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను నిజంగానే నేర్చుకోవడం మొదలుపెట్టాను. లారీకి ఒక ఫైలు, నెంబరు వరసలో అర. కొత్త కాగితం పైన, పాతది కింద. ఏ పూట కాగితం ఆ పూటే దాని చోటికి. ‘రేపు పెడతా’ అన్నవాడికి చాయ్ బందు. అన్నింటికంటే నాకు నచ్చింది పెండ్లి పత్రికల సంగతి. లారీల ఆఫీసుకు పత్రికలు కుప్పలుగా వస్తాయి, ప్రతి డ్రైవరుకూ ఓ చెల్లె పెండ్లి ఉంటుంది. వదిన వాటిని పారేయనిచ్చేది కాదు. మధ్యకు కత్తిరించి, వెనక తెల్లవైపు రెండు గీతలు కొట్టి, ‘తీసుకున్నవారు’, ‘తెచ్చే రోజు’ అని రాయించేది. అరలోంచి ఫైలు తీస్తే దాని చోట ఆ ముక్క పెట్టాలి. సేటైనా సరే. దాంతో మా అరల్లో అక్కడక్కడా వినాయకుడో, రెండు అరటిచెట్లో బయటికి తొంగి చూస్తుండేవి. చూసినవాళ్లు ఇది లారీల ఆఫీసా, పెండ్లిళ్ల పేరయ్య దుకాణమా అని అడిగేవారు.

అట్లా ఉండగా వదిన కాన్పుకని శామీర్‌పేటలోని పుట్టింటికి పోవాల్సి వచ్చింది. బామ్మర్ది రోజూ చాయ్ వేళకు వచ్చి సేటు పక్కన కూర్చోవడం ఎక్కువైంది. సేటు ఒక రోజు తేల్చేశాడు: ఆమె లేనన్నాళ్లు పని ఆగకపోతే సరే, ఆగిందో, కుర్చీ బామ్మర్దిది. పోయే రోజు వదిన తాళంచెవి మేకుకు తగిలించి, ‘‘ఈడ కాయిదం దొరకలే అన్న మాట సేటు చెవుల వడొద్దు. వడిందా, బిడ్డనెత్తుకోని ఒచ్చినంక నాకు కూసునేతందుకు జాగ ఉండదు’’ అంది. నేను జోకు వేయబోయి మింగేశాను. అన్న సంపాదన అప్పుడు అంతంతమాత్రం, ఆమె జీతంతోనే ఇల్లు నిలబడి ఉంది.

ద్రాక్ష పండ్ల రోజులు. ఒక మధ్యాహ్నం సరిహద్దు చెక్‌పోస్టు దగ్గరి నుంచి ఫోను. మన మీసాల్లేని మీసాలాయనే.

‘‘బండి ఆపిండ్రు. కొత్త టాక్సు రసీదు జూపియ్యమంటున్నరు. బండ్ల పాతదే ఉన్నది. జల్దీ పంపియ్యిండ్రి, పండ్లు ఎండకు కమిల్తున్నయి.’’

సేటు లేచి నిలబడ్డాడు. ‘‘ఏదిరా రసీదు? గామె లేకుంటె గిట్లనే పరేషాన్ అయితదని నాకెర్కనే.’’

‘‘నేనుంటె కండ్లు మూస్కోని తీద్దును బావా’’ అన్నాడు బామ్మర్ది, చాయ్ ఊదుకుంటూ.

నేను అర దగ్గరికి పోయాను. ఆ నెంబరు ఫైలు లేదు. మళ్లీ చూస్తే, దాని చోట గులాబి రంగు పెండ్లి పత్రిక ముక్క, దాని మీద వినాయకుడు. వెనక్కి తిప్పాను. వదిన అక్షరాలే. దాన్ని రెండు చేతులతో పట్టుకొని, పెండ్లికి పిలిచేవాడిలాగే సేటు ముందు నిలబడ్డాను.

‘‘ఏందిరా ఇది?’’

‘‘మీకే ఒచ్చింది సేటూ. సదువుకోండ్రి.’’

తీసుకున్నవారు: సేటు గారు. తెచ్చే రోజు: రేపు. ఆ ‘రేపు’ పోయి చాలా రోజులైంది. సేటు కాసేపు వినాయకుణ్ని చూశాడు, కాసేపు నన్ను చూశాడు. తర్వాత స్కూటరు తీసుకొని మేడ్చల్ బజారులోని ఇంటికి పోయి, రేడియో కింద గుడ్డతో పాటు పరిచి ఉన్న ఫైలు పట్టుకొచ్చాడు. రసీదు తీసి, రోడ్డు మీద నిలబడి, అటు పోయే మనకు తెలిసిన లారీని ఆపి చేతికిచ్చాం. అడుగున ఉన్న గుత్తులు కొన్ని రసమైనా, బండి నాగపూర్ చేరింది. బామ్మర్ది చాయ్ గ్లాసు కింద పెట్టి ఎండ ఎంత ఉందో చూడటం మొదలుపెట్టాడు.

గండం గడిచిందనుకున్నాను. అసలుది సాయంత్రం వచ్చింది. సేటు నన్ను పిలిచి, మంచిగా కూర్చోబెట్టి, ‘‘అరే, అన్ని నీకే దొరుకుతున్నయి గద. ఎనిమిది సదివినోనికే దొరికితె ఇగ ఆమెకు అంత జీతమెందుకు? ఆ కుర్చీల నువ్వే కూసో, నీకింత, నాకింత మిగుల్తది’’ అన్నాడు. నాకప్పుడు అర్థమైంది. బామ్మర్ది తన తలలో దాచుకుంటే ఆయన లేకుండా ఆఫీసు నడవదు. వదిన అందరికీ దొరికేటట్టు పెడితే ఆమె లేకున్నా నడుస్తుంది. మంచి పనికి ఇంత చెడ్డ బహుమానం ఉంటుందని నాకు తెలియదు. నోటికొచ్చిన మాటే అనేశాను.

‘‘సేటూ, నాకు తీసుడు నేర్పింది. పారేసుడు నేర్పలే. పాత అట్టల మీద ఎప్పుడు పారెయ్యాల్నో ఆమె రాసివెట్టింది, కొత్తయాటి మీద ఎవలు రాస్తరు? నేను రాస్తె అన్ని వచ్చే అమాస దాంకనే. లేకుంటె ఒక్కటి గూడ పారెయ్యకుంట గది నింపుత. ఆఖరికి మీ కుర్చీ తీస్కపోయి రోడ్డు మీద ఏస్త.’’

సేటు చాలాసేపు నవ్వాడు. నవ్వాడంటే వదినకు కుర్చీ దక్కిందన్నమాట. వదిన ఆడబిడ్డను ఎత్తుకొని వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. షెడ్డు దూలానికి చీర ఉయ్యాల కట్టాం. టైపు మిషను చప్పుడుకు ఆ పిల్ల హాయిగా నిద్రపోయేది, చప్పుడు ఆగితే ఏడ్చేది. ఒకసారి చాయ్ తాగుతూ అడిగాను, ‘‘పారేసుడు కావాల్ననే నేర్పలేదా వదినా?’’ ఆమె గ్లాసులోకి చూసి, ‘‘అన్ని ఒక్కపారే నేర్పుతె నువ్వు నాకు చాయ్ తెచ్చిస్తవా?’’ అంది. ఆ తర్వాత అదీ నేర్పింది. ఏది కొన్నాళ్లుండాలి, ఏది ఎప్పటికీ ఉండాలి, ఏది రేపే చించినా ఏమీ కాదు. ఆలోచిస్తే ఇంటి గొడవలకు కూడా ఆ లెక్కే పనికొచ్చింది నాకు.

ఇప్పుడు ఆఫీసు సేటు కొడుకుది. కాగితాలు సగం కంప్యూటర్లోకి పోయాయి. అందులోనూ వరస బండి నెంబరుదే. బీరువా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఉంటుంది, నేను నేర్పుతున్నాను, పారేయడంతో సహా. వదిన తూంకుంటలో కూతురి దగ్గర ఉంటుంది. నిన్న ఫోను చేసి, ‘‘వదినా, నా గడువు తీరింది, ఏం జెయ్యమంటవ్?’’ అన్నాను.

‘‘కిలోల లెక్క అమ్మితె నీకు పల్లీల పొట్లం గూడ రాదు. ఇంటికి తీస్కపో. తీస్కపోతె పో గని, ముక్క వెట్టి తీస్కపో.’’

బీరువా అడుగున దాచుకున్న పత్రిక ఒకటి తీశాను. చీర ఉయ్యాలలో నిద్రపోయిన ఆ పిల్ల పెండ్లిది. మధ్యకు కత్తిరించి, వెనక రెండు గీతలు కొట్టి, తీసుకున్నవారు అన్నచోట నా పేరు రాసి, ఖాళీ అయిన అరలో నిలబెట్టాను. తెచ్చే రోజు అన్నచోట పెన్ను పెట్టి చాలాసేపు ఆగాను. వదిన చూస్తే తిడుతుంది గానీ, కాలం తీసుకుపోయినవాటికి ఆ గీత మీద ఏ ‘రేపు’ అని రాయాలో ఆమె కూడా నాకు నేర్పలేదు.